మైన్ అంటే ఏమిటి?

మొన్న రామగిరి వెళ్లినప్పుడు మా చుట్టాలమ్మాయి కొడుకు పరీక్ష కాగితం చూశాను. ‘మైన్’ అంటే ‘గని’ అని రాశాడు. ఎర్ర సిరాతో కొట్టేశారు. ‘నాది’ అని రాయాలట!

"వాళ్ల తాత బంగారు గనిలో దిగినోడక్కా. వీనికి ఆ మాటే తెలుసు. ఇంగిలీషు రానిదాన్ని, పోయి నేనేమని అడిగేది?" అంది తల్లి, తప్పు తనదైనట్లు.

భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడింది గాని, ఆ ఊళ్లో మైన్ అంటే ఇప్పటికీ గనే. ఇంగ్లీషులో ఆ నాలుగక్షరాలకే నాది, గని, మందుపాతర అని మూడర్థాలు! చివరి అక్షరం ఒక్కటి మారిస్తే మైండ్, అంటే మనసు. మింట్ అయిందా, మన పచ్చడికి పుదీనా, సర్కారుకి టంకశాల. తెలుగులో మాత్రం లేవా అంటారేమో. ఉన్నాయి. ‘పాలు’ అంటే వాటా కూడా. అయినా పాలు పొంగాయంటే వాటా పొంగిందనుకునే ఇల్లాలుంటుందా? వాక్యంలో పడితేనే మాటకి అర్థం తేలేది.

వాక్యం ఇవ్వకుండా ఒంటి మాట పిల్లాడి ముందు పడేసి, వాడిదే తప్పంటే ఎలాగండీ? ఇంగ్లీషు రాకపోవడం సిగ్గుచేటయితే, మూడర్థాల్లో ఒక్కటే పట్టుకుని మార్కులు కొయ్యడాన్ని ఏమనాలి?

ఆ కాగితం తీసుకుని సోమవారం బడికి వెళ్లమన్నాను. తెలుగులోనే అడగమన్నాను.