వేలగిరి రాయి, నేటి క్వారీ

జగ్గయ్యపేట పక్కనున్న ధనబోడు గుట్టపై క్రీస్తుపూర్వం 2వ శతాబ్దం నాటి శిల్పులు చెక్కిన పల్నాటి సున్నపురాయీ, నేడు ఆ చుట్టుపక్కల గనుల నుంచి సిమెంటు బట్టీలకు తరలుతున్న రాయీ ఒకే నేల పొరల సంపద అయినా, చెక్కిన రాతికి చరిత్రలో దక్కిన చోటు తవ్విన నేలకు మన సాహిత్యంలోనూ చిత్రకళలోనూ ఇంకా దక్కలేదు.

1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించిన, ఈ గుట్టమీది బౌద్ధ స్తూపం నుంచి వెళ్లిన చక్రవర్తి ఫలకం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యెత్తితే మబ్బుల నుంచి నాణేలు కురుస్తున్నట్టు అందులో చెక్కారు. అంతకంటే విలువైనది ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరపు శాసనం. సిద్ధార్థుడనే ఆవేసని, అంటే శిల్పుల పెద్ద, వేలగిరిలోని, అంటే ఈ గుట్టమీది, మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలను, అంటే స్తూపం నుంచి ముందుకు పొడుచుకువచ్చిన వేదికపై నిలిపే స్తంభాలను, తానే దానమిచ్చి తండ్రి పేరూ సొంత ఊరూ అందులో రాయించుకున్నాడు. రాతిపని చేసినవాడే దాతగా తన పేరు నిలుపుకున్న ఇటువంటి ఘట్టాలు మన శాసనాల్లో అరుదు.

అదే రాయిని నేడు సిమెంటు కోసం పొడి చేసి, బంకమట్టి వంటివి కలిపి సుమారు 1450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు; శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలితే 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది. తవ్వినచోట మెట్లుమెట్లుగా దిగే గుంత, అడుగున నిలిచిన నీరు మిగులుతాయి. దుమ్ము మిరప, పత్తి ఆకుల మీద పేరుకుంటుంది. నందిగామ దాటి విజయవాడ దారిలో పరిటాల, దొనబండ ప్రాంతాల కొండలు క్రషర్లలో కంకరగా మారుతున్నాయి. పరిటాలలోనే 2003లో నెలకొల్పిన 135 అడుగుల ఆంజనేయ విగ్రహం కాంక్రీటుతో కట్టినది. సిమెంటూ కంకరే ఈ కాలపు శిల్పద్రవ్యమని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

గని మిగిల్చిన నేలను కళగా మలిచే ప్రయత్నాలు బయటి దేశాల్లో అర్ధశతాబ్దంగా సాగుతున్నాయి. 1971లో రాబర్ట్ స్మిత్‌సన్ నెదర్లాండ్స్‌లోని ఇసుక క్వారీలో నీటినీ మట్టినీ మలిచాడు. 1979లో అమెరికాలో పాడుబడ్డ కంకర గుంతను మెట్ల మైదానంగా తీర్చిన రాబర్ట్ మోరిస్ స్వయంగా, తవ్వినవారి బాధ్యతను కప్పిపుచ్చే ముసుగుగా కళ మారవచ్చని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక మనకూ వర్తిస్తుంది. గుంత చుట్టూ పూలమొక్కలు నాటి, గోడలకు రంగులు వేస్తే నేల బాగుపడదు. తెలంగాణ సరిహద్దున చంద్రపూర్ జిల్లా బొగ్గు గని కార్మికుల ఇంట పుట్టిన ప్రభాకర్ పాచ్‌పుతే, గని మనుషులను బొగ్గుతోనే గీసి ప్రపంచం ముందు నిలిపిన తీరు మనకు మరింత దగ్గరి దారి.

జగ్గయ్యపేట, నందిగామ మెట్టలోని చిత్రకారులూ ఫొటోగ్రాఫర్లూ కథకులూ ముందుగా క్వారీల దగ్గరకు వెళ్లాలి; లారీ డ్రైవర్ల, రాయి కొట్టే కూలీల, దుమ్ము పడ్డ చేల రైతుల మాటలను వారి పేర్లతో, వారి అనుమతితో నమోదు చేయాలి. సిద్ధార్థుని పేరు రాతిలో నిలిచినట్టు వీరి పేర్లూ నిలవాలి. అటువంటి రచనలకూ చిత్రాలకూ ఈ పత్రిక పుటలు తెరిచే ఉంటాయి.