హారను మార్చవచ్చును గాని పాట పాడింపరాదు

మోటారుసైకిలు నడుపువానికి చుట్టును ఇనుపగోడ లేదు. కారువానికి గల రేకుతొడుగుగాని లారీవానికి గల ఎత్తుగాని లేని యాతనికి, తా నక్కడ నున్నానని పరుల కెఱిగించుటకు రాత్రివేళ దీపమును, ఎల్లవేళల హారనును తప్ప వేఱొక సాధనము లేదు. అట్టిచో, బండితోపాటు వచ్చిన ఒంటి డిస్కు హారను, అద్దములు బిగించుకొని ఏసీలో పాటలు వినుచు పోవు కారువాని చెవికి సోకక, వెనుకనున్నవాడు మీటను నొక్కి నొక్కి విసిగిపోవుచుండగా, దానిని తీసి గట్టిగా పలుకు మఱొకదానిని పెట్టించుకొనుట కుఱ్ఱకారు పిచ్చి యని కొట్టివేయుట న్యాయము కాదు. నాకు తోచినంతవఱకు, మన వీథుల రొదలో పీలగొంతు హారనుల పాలును తక్కువది కాదు. ఒక్కసారి పలికి పని నెఱవేర్చునది, పదిసారులు కీచుమను దానికంటె ఊరికి మేలు.

అయితే గట్టిదన నేమి? హారను లోపలి పలుచని ఉక్కురేకు విద్యుదయస్కాంతముచే లాగబడి, కాంటాక్టు పాయింట్లు విడివడినంతనే వెనుకకు వచ్చి, మరల లాగబడుచు, సెకనుకు వందలసారులు కంపించుటచే ధ్వని పుట్టును. జంట హారనులలో నొకటి సుమారు 400, రెండవది సుమారు 500 కంపనములతో పలుకును. ఈ నాలుగైదుల నిష్పత్తి షడ్జమమునకును అంతరగాంధారమునకును గలదే యని సంగీతజ్ఞు లెఱుగుదురు. అందుచే కాబోలు, ఆ నాదము బిగ్గరగా నుండియు చెవిని కోయదు.

చిక్కంతయు బిగించుటలో నున్నది. ఒంటి హారను రెండు మూడు ఆంపియర్లతో తృప్తిపడును. జంటకు ఇంచుమించు ఎనిమిది, పది కావలయును. విజయవాడ ఆటోనగరు మొదలు మండలకేంద్రపు షెడ్డువఱకు, పని తెలిసిన మెకానిక్కు ఎవడును దానిని నేరుగా పాత తీగలకు తగిలింపడు. 30, 85, 86, 87 అను అంకెలు గల చిన్న నల్లని రిలేను తెచ్చి, 30కి బ్యాటరీనుండి ఫ్యూజు మీదుగా క్రొత్త తీగను, 87కు హారనులను, 85, 86లకు పాత హారను తీగలను కలుపును. అప్పుడు మీటపై పడు భారము స్వల్పము. రిలే ఖర్చు మిగుల్చుకొన్నవాని బండిలో మీట కాంటాక్టులు నల్లబడి, ఏ మలుపుననో హారను మూగవోవును.

ఇంతవఱకు నేను హారను మార్చువాని పక్షము. రాగములు తీయు మ్యూజికల్ హారనునో, లారీలకు వాడు గాలి హారనునో బైకునకు తగిలించి ఆసుపత్రి గేటు ముందు మ్రోగించువానితో నాకు పొత్తు లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలలో 119వది, వేర్వేరు స్వరములు వరుసగా పలుకువానిని, కర్కశముగా మ్రోగువానిని వలదన్నది. 2000 నాటి ధ్వనికాలుష్య నిబంధనలను అనుసరించి నివాసప్రాంతములలో రాత్రి 10 మొదలు ఉదయము 6 వఱకు అత్యవసరమున తప్ప హారను మ్రోగింపరాదు. మోటారు వాహనముల చట్టపు 2019 సవరణ, అనవసరముగా మ్రోగించినవానికి మొదటిసారి 1,000, పిదప 2,000 రూపాయల జరిమానా విధించినది.

చట్టమునకు కొఱత లేదు. పట్టుకొన్న హారనులను రోడ్డు రోలరు క్రింద నలిపించి ఫొటోలు తీయించుకొను అధికారులు, అవియే తోరణములవలె వ్రేలాడు దుకాణములకు ఒక్కపూట పోయి, కొన్నవాని జేబుకంటె ముందు అమ్మువాని సరకును చూడవలెను. ఇక రోడ్డుమీది తనిఖీయందు, హారను మార్చినాడన్న మాత్రమున ఎవనిని ఆపనక్కఱలేదు. మీట నొక్కించి వినినచో చాలును. నిలుకడగా ఒక్క నాదము పలికిన బండిని పోనిచ్చి, పాట యెత్తుకొన్నదాని తాళముచెవి తీసికొందురు గాక.