రెండవ సాక్ష్యము

ఏదో యొక దూరపు నక్షత్రముచుట్టు క్రొత్త గ్రహము కనుగొనబడెనను వార్త నంద్యాల, ఆళ్లగడ్డ పఠనమందిరములలో నేడు వింత గాదు. చదివి, "ఔరా" యని పుట త్రిప్పుదుము. ఎట్లు కనుగొనిరి, ఏల నమ్మవలెను అని యడుగము. అడుగని జాతికి విజ్ఞానము పురాణకాలక్షేపమే యగును.

గ్రహము తన నక్షత్రమునకును మనకును నడుమగా పోవునప్పుడు ఆ నక్షత్రపు వెలుగు ఇంచుక తగ్గును. నియతకాలమున మరల మరల తగ్గెనేని గ్రహము కలదని యూహింపవచ్చును. కాని న్యాయస్థానములలో తిరుగువారము గనుక చెప్పుచున్నాము: అది యొక సాక్ష్యము మాత్రమే. వెనుక నెక్కడనో జంటనక్షత్రములు ఒకదాని నొకటి మరుగుపరచినను వెలుగు అట్లే తగ్గును. మరియు ఆ తగ్గుదల పరిమాణమును చెప్పునుగాని బరువును చెప్పదు. బెండును బండరాయియు ఒకే పరిమాణమున నుండవచ్చును. ఎత్తిచూచినగాని భేదము తెలియదని ఆళ్లగడ్డ శిల్పులకు మనము నేర్పనక్కరలేదు. గ్రహపుటాకర్షణచే నక్షత్రము కొంచెముగా ముందువెనుకల కూగును. ఆ యూగును కాంతిరేఖల జరుగుబాటునుబట్టి కొలిచి గ్రహపు బరువు కట్టుదురు. ఇది రెండవ సాక్ష్యము. రెండును పొసగినప్పుడే తీర్పు.

ఈ రెండవ సాక్ష్యమును భారతీయులు సంపాదించిరి. 2018లో అహమ్మదాబాదు భౌతిక పరిశోధనాలయమువారు, అభిజిత్ చక్రబర్తిగారి నాయకత్వమున, ఆబూ పర్వతముమీది 1.2 మీటర్ల దూరదర్శినికి 'పారస్' అను యంత్రమును జోడించి, సుమారు 600 కాంతిసంవత్సరముల దూరమున సూర్యుని బోలిన నక్షత్రముచుట్టు 19.5 దినముల కొకమారు తిరుగు గ్రహమును తూచిరి. అది భూమికి సుమారు 27 రెట్లు బరువు. వెలుగు తగ్గుటను మొదట చూచినది అమెరికావారి కెప్లరు దూరదర్శిని. ఈ మాట దాచవలదు. పరుల పాలు పరులకిచ్చి మన పాలు మనము చెప్పుకొనుటయే ఆత్మగౌరవము.

ఇది పెద్ద సంస్థల పని, మనకేల యందురా? 1999లో హెచ్.డి. 209458 అను నక్షత్రమున కడ్డముగా దాని గ్రహము పోవుటను చూచినది నాలుగంగుళముల దూరదర్శిని! అచ్చట ఊగు ముందు తెలిసినది. వెలుగు నూటికి ఒకటిన్నర వంతు తగ్గుట పిమ్మట కనబడినది. నక్షత్రము ప్రకాశవంతమైనదగుటచే చిన్న పరికరము చాలెను. 1874లో విశాఖపట్టణమున అంకితం వెంకట నరసింగరావుగారు సొంత వేధశాలనుండి సూర్యబింబముపై శుక్రుడు దాటుటను పరిశీలించిరి. ఆ తెలుగువారి సంతతికి ఇది అసాధ్యమా?

2022లో జిల్లాకేంద్రమైన నంద్యాలయందును ఆళ్లగడ్డయందును కళాశాలలు ఒక్కొక్క దూరదర్శినిని, కాంతిని గొలుచు కెమెరాను తెచ్చుకొనవలెను. తెలిసిన గ్రహమునే విద్యార్థులు మరల కొలిచి, తమ యంకెలను తామే వ్రాయవలెను. ఉత్సవములలో విద్యుద్దీపములకు వెచ్చించు ధనములో కొంతభాగ మిందులకు చాలును.

ఆకాశమును సాక్ష్యమడుగ నేర్చిన యువకుడు సభావేదికలను, ఎన్నికల వాగ్దానములను కూడ సాక్ష్యమడుగును. స్వరాజ్యము నిలుచుటకు అట్టి పౌరులే కావలెను.