బీమా పత్రము – ఫోను వైద్యము

వ్యాధి వచ్చినప్పుడు వైద్యుడు దొరకుట, వైద్యుడు దొరకినప్పుడు ధనము చేతనుండుట – ఈ రెండును బీదవానికి ఒక్కమారు సమకూడుట అరుదు. ధనలోపమును బీమాతోను, వైద్యుని కొరతను ఫోనుతోను పూడ్చవలెనని మన కాలపు ప్రభుత్వములు సంకల్పించినవి. ఈ సంకల్పము మంచిదే. కాని గుంటూరు, ప్రకాశము సీమలలో పత్తి చేలయందును, మిరప కల్లములయందును పని చేయు జనమునకు ఇది ఎంతవరకు ఉపకరించుచున్నదో విచారింపవలసిన సమయము వచ్చినది.

ఈ విషయమున తెలుగువారు ఎవరికిని వెనుకబడినవారు కారు. 2000 సంవత్సరముననే చిత్తూరు జిల్లా అరగొండ గ్రామమున దూరవైద్య కేంద్రము వెలసినది. 2005లో 108 వాహనములును, 2007లో 104 ఫోను సలహాయు ఆరంభమైనవి. ఆ 2007 ఏప్రిలుననే ఆరోగ్యశ్రీ మహబూబునగరు, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో మొదలిడి క్రమముగా రాష్ట్రమంతట వ్యాపించినది. 2019 నవంబరున ఈ-సంజీవని దూరవైద్యమును ఆరోగ్య కేంద్రములలో దేశమున ప్రప్రథమముగ ప్రవేశపెట్టినదియు ఆంధ్రప్రదేశమే. ఇంత ముందు నడచిన దేశమున కూలివాడు జ్వరమునకు అప్పు చేయుట ఇంకను ఏల తప్పలేదు?

కారణము సుబోధము. బీమా యనునది ప్రధానముగా ఆసుపత్రి మంచము నెరుగును గాని ఇంటి మంచము నెరుగదు. గుండెకు శస్త్రచికిత్స కావలసిన యెడల కార్డు పనికివచ్చును. ఈ మేలు చిన్నది కాదు. ఆరోగ్యశ్రీ వలన పొలము అమ్ముకొనకుండ బ్రతికి బయటపడిన కుటుంబములు ప్రతి గ్రామమునందును గలవు. కాని నెలనెల కొనవలసిన మధుమేహపు మాత్రలకును, రక్తపుపోటు మందులకును, ప్రైవేటు వైద్యునికి చెల్లించు రుసుమునకును, రక్తపరీక్షలకును ఆ కార్డు అక్కరకు రాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇవి ఉచితమే. కాని అచ్చటికి పోయి వరుసలో నిలిచినచో ఆనాటి కూలి పోవును. బీదవానిని క్రుంగదీయునది ఒక్కమారు పడు పిడుగు మాత్రమే కాదు. నిత్యము కారుచున్న ఈ చిల్లు కూడ.

మిరప కోతల కాలమును చూడుడు. ఆదోని, కోసిగి ప్రాంతములనుండి సుగ్గికి వచ్చిన కుటుంబములు గుంటూరు, పల్నాడు గ్రామములలో పొలముల చెంతనే గుడారములు వేసికొని నెలల తరబడి నివసించును. కాయ కోసి, ఎండబెట్టి, తొడిమలు తీయు స్త్రీలకు చేతులు మండును, కన్నులు మండును, దగ్గు పట్టును. వీరి కార్డు కర్నూలు జిల్లాదైనను ఇచ్చటి ఆసుపత్రిలో చెల్లును. కాని ఆ దగ్గు ఆసుపత్రిలో చేర్చుకొనవలసినంత ముదిరిన పిమ్మటగాని కార్డునకు వ్యాధిగా కనబడదు. అంతవరకు వారికి దిక్కు ఊరిలో సూదిమందు వేయు శిక్షణ లేని వైద్యుడే.

ఇచ్చటనే ఫోను వైద్యము సాయపడవలెను. గ్రామ ఆరోగ్య కేంద్రమున నర్సు కూర్చుండి రక్తపుపోటు చూచి, ఊపిరి శబ్దము విని, దూరముననున్న వైద్యునికి నివేదించి, ఆతడు వ్రాసిన మందును తన చేతితో ఇచ్చినచో అది నిజమైన వైద్యము. ఈ-సంజీవనిలో ఒక శాఖ ఈ మార్గముననే నడచుచున్నది. రోగి ఒంటరిగా తన ఫోను పట్టుకొని, తన బాధను తానే వర్ణించుకొని, మందుల దుకాణమునకు పరుగెత్తునది వేరొక మార్గము. చదువుకొన్న పట్టణవాసికి అది చాలవచ్చును. అక్షరము రాని కూలికి చాలదు.

2020 మార్చి 25వ తేదీన కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన దూరవైద్య నియమములు ఈ భేదమును గుర్తించినవి. వైద్యుడు తన నమోదు సంఖ్యను చూపవలెను. కొన్ని మందులను తొలిసారి రోగిని వీడియోలో చూడక వ్రాయరాదు. మత్తు కలిగించు కొన్ని మందులను అసలే వ్రాయరాదు. ప్రత్యక్షముగ చూడవలసి వచ్చినచో ఆ మాట రోగితో చెప్పవలెను. ఈ నియమములను రోగి యెరిగియున్నగాని అవి అతనిని రక్షింపజాలవు.

పురుగుమందు సంగతి మరింత గంభీరము. పత్తిచేనిలో మందు కొట్టుచు తల తిరిగి పడిపోయినవానిని గాని, అప్పుల బాధ తాళలేక ఆ డబ్బానే త్రాగినవానిని గాని ఫోనుతో బ్రతికింపలేము. అట్టి వేళ ఫోను చేయవలసినది 108కి మాత్రమే. మందు డబ్బాను కూడ వెంట తీసికొనిపోవలెను. ఏ విషమో తెలిసినగాని వైద్యునికి చికిత్స సుగమము కాదు. గుంటూరు పెద్దాసుపత్రికో ఒంగోలునకో చేరులోపల ప్రాణము పోకుండునట్లు విరుగుడు మందులు సమీప ఆసుపత్రులలోనే నిలువయుండవలెను. ఇది బీమా చేయు పని కాదు, ఫోను చేయు పనియు కాదు. ప్రభుత్వము చేయవలసిన పని.

ఇక పట్టణములలో సొంత ధనముతో బీమా కొనుచున్న మన పాఠకుల మాట. పదుల పుటల ఆంగ్ల పత్రమును చదువకయే సంతకము చేయుదురు. వ్యాధి వచ్చిన పిదప షరతులు బయల్పడును. ముఖ్యాంశములను తెలుపు పత్రమును కోరినవారికి వారి భాషలో ఇయ్యవలెనని 2024 జనవరి నుండి నియమమున్నది. దానిని అడిగి పుచ్చుకొనుడు. పూర్వపు వ్యాధులను దాచకుడు. వాటికి నిరీక్షణ కాలము మూడేండ్లకు మించరాదని 2024లో నిర్ణయమైనది. వైద్యుని సంప్రదింపునకు బీమా వర్తించు చోటులనెల్ల ఫోను సంప్రదింపునకును వర్తింపవలెనని 2020 జూనులోనే బీమా నియంత్రణ సంస్థ ఆదేశించినది. కాని మూలమున సంప్రదింపునకే చోటు లేని పత్రములో ఈ ఆదేశము వలన ప్రయోజనమేమి? కొనుటకు ముందే ఈ ప్రశ్న వేయవలెను.

ప్రభుత్వ పథకమునకు 2007 నుండి పేరు మూడు మారులు మారినది. పేరు మారిన వేగమున బిల్లులు చెల్లియుండిన ఎంత బాగుండెడిది! బకాయిలు చెల్లలేదని 2024లోను, 2025లోను ప్రైవేటు ఆసుపత్రులు సేవలు నిలిపివేసినవి. ఆ దినములలో కార్డు చేతనుండియు రోగి వాకిట నిలువవలసి వచ్చినది. 2025 సెప్టెంబరులో మంత్రివర్గము రెండున్నర లక్షల వరకు బీమా సంస్థ ద్వారాను, ఆపైన ఇరువదియైదు లక్షల వరకు ట్రస్టు ద్వారాను వైద్యము జరుపుటకు అంగీకరించినది. మార్గమేదైనను మాకు అభ్యంతరము లేదు. ప్రీమియము సకాలమున చెల్లునా, నిరాకరింపబడిన రోగి మొర ఆలకించువాడు జిల్లాలో ఉండునా అనునవే మా ప్రశ్నలు.

మేము కోరునవి మూడు. మొదటిది, నిత్యము వాడవలసిన మందులకును, పరీక్షలకును పథకమున చోటు కల్పింపవలెను. రెండవది, కోతల కాలమున కల్లముల చెంతకు నర్సును, ఆమె చేతనుండు ఫోను ద్వారా వైద్యుని పంపవలెను. మూడవది, వైద్యుడు గ్రామమునకు స్వయముగ వచ్చు పద్ధతి కొనసాగవలెను. 2023 ఏప్రిలున పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఆరంభమైన ఫ్యామిలీ డాక్టరు విధానము ఎవరి కాలమున పుట్టినదైనను, ఆ తలంపు మంచిది.

గ్రంథాలయములందు ఈ పత్రికను చదువువారికిని ఒక విధి గలదు. వారమునకొక సాయంకాలము అచ్చటనే కూర్చుండి, కార్డు పట్టుకొని వచ్చినవానికి దానితో ఏమి లభించునో చదివి చెప్పుడు. ఫోను వైద్యుడు వ్రాసిన చీటీని విప్పి చెప్పుడు. చదువు వచ్చినవాడు చదువు రానివానికి చేయదగిన సేవలో ఇంతకంటె సులభమైనది లేదు. ఇది ప్రభుత్వము ఆజ్ఞాపింపనక్కరలేదు. ఈ వారముననే ఆరంభింపవచ్చును.