పాదధ్వని విన్నంత మాత్రాన చాలదు

2025 డిసెంబర్ 20న తెల్లవారకముందే అస్సాంలోని హోజాయ్ జిల్లాలో సైరంగ్ నుంచి న్యూఢిల్లీకి వెళుతున్న రాజధాని ఎక్స్‌ప్రెస్ ఏనుగుల గుంపును ఢీకొన్నది. కనీసం ఏడు ఏనుగులు మరణించాయి. ఇంజనుతోపాటు కొన్ని పెట్టెలు పట్టాలు తప్పినా ప్రయాణికులకు ప్రాణాపాయం తప్పడం ఒక్కటే ఊరట. గుంపును చూసిన వెంటనే డ్రైవర్ అత్యవసర బ్రేకులు వేశాడని, అయినా ప్రమాదం ఆగలేదని రైల్వే అధికారులు ప్రకటించారు. ప్రమాదస్థలం ఏనుగుల రాకపోకల మార్గంగా గుర్తించిన ప్రాంతం కాదని కూడా వారు వివరించారు. ఈ రెండో వివరణ ఆలోచింపజేయవలసినది. కాగితంపై గుర్తించిన మార్గంలోనే నడవాలన్న నియమం ఏనుగుకు తెలియదు.

ఈ దుర్ఘటనకు రెండు నెలల ముందు, అక్టోబర్‌లో, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ దేశంలోని అడవి ఏనుగుల సంఖ్యపై తన అంచనాను వెలువరించింది. 2021లో మొదలై 2025లో ముగిసిన ఈ గణన ప్రకారం దేశంలోని ఏనుగులు 22,446. 2017లో ప్రకటించిన సంఖ్య 27,312. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎనిమిదేళ్లలో ఏనుగులు 18 శాతం తరిగిపోయాయని పలువురు ఆందోళన వ్యక్తం చేశారు. ఆందోళన సహజమే కాని, ఆ తీసివేత సరైనది కాదు. రెండు లెక్కలకూ అనుసరించిన పద్ధతులు వేరు గనుక వాటిని పోల్చరాదని, కొత్త సంఖ్యను ఇకముందు లెక్కలకు ప్రాతిపదికగా మాత్రమే తీసుకోవాలని నివేదిక స్వయంగా పేర్కొన్నది.

అడవిలో ఏనుగులను లెక్కించడం ఊళ్లో ఇళ్లను లెక్కించడం వంటిది కాదు. పూర్వం అడవిని భాగాలుగా విభజించి, సిబ్బంది ఒకేసారి నడుస్తూ కంటికి కనిపించిన జంతువులను లెక్కించేవారు. దట్టమైన పొదలచాటున ఉన్నది లెక్కకు రాదు. ఉదయం ఒక రాష్ట్రంలో కనిపించి సాయంత్రానికి సరిహద్దు దాటిన గుంపు రెండుసార్లు లెక్కకెక్కినా ఆశ్చర్యం లేదు. లద్దెలను లెక్కించి సంఖ్యను ఊహించే మరో పద్ధతి ఉంది. ఏనుగు రోజుకు ఎన్నిసార్లు లద్దె వేస్తుంది, వేసిన లద్దె ఎన్నాళ్లకు శిథిలమవుతుంది అన్న రెండు అంచనాలపై అది ఆధారపడుతుంది. వర్షాకాలంలో త్వరగా, ఎండాకాలంలో ఆలస్యంగా శిథిలమయ్యే వస్తువును కొలబద్దగా చేసుకున్నప్పుడు ఒక అంచనాలోని దోషం మరో అంచనాలోని దోషాన్ని పెంచుతుంది.

కొత్త గణన అదే లద్దెను మరో విధంగా వాడుకున్నది. సేకరించిన 21,056 నమూనాల నుంచి డి.ఎన్.ఎ.ను వేరుచేసి, ఏ లద్దె ఏ ఏనుగుదో శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆ విధంగా విడివిడిగా తేలిన ఏనుగులు 4,065. మిగిలిన సంఖ్య గణితం ఇచ్చింది. ఈ గణితం సూత్రం సులభమైనదే. చెరువులో నూరు చేపలను పట్టి గుర్తువేసి వదిలి, కొన్నాళ్లకు మళ్లీ నూరు చేపలను పడితే వాటిలో గుర్తున్నవి పది దొరికాయనుకుందాం. చెరువులో సుమారు వేయి చేపలున్నాయని ఊహించవచ్చు. గుర్తున్న చేపలు ఎంత తరచుగా మళ్లీ చిక్కితే మొత్తం సంఖ్య అంత తక్కువ. ఏనుగు విషయంలో గుర్తువేసే పని ప్రకృతే చేసిపెట్టింది.

ఈ గణనలో మెచ్చుకోదగిన అంశం 22,446 అన్న సంఖ్య కాదు. దాని పక్కనే 18,255 నుంచి 26,645 వరకు అన్న పరిధిని ప్రకటించడమే మెచ్చదగినది. తనకు ఎంత తెలుసునో చెప్పడంతోపాటు ఎంత తెలియదో కూడా చెప్పగలిగినప్పుడే లెక్క శాస్త్రమవుతుంది. పరిధి లేని ఒంటి అంకె మంత్రులకు ప్రకటనల్లో ఉపయోగపడవచ్చును గాని, అడవికి ఉపయోగపడదు. ఈశాన్య రాష్ట్రాలకు ఇచ్చిన 6,559 అన్న సంఖ్య తాత్కాలికమని కూడా నివేదిక దాచకుండా చెప్పింది. రైళ్ల కింద ఏనుగులు ఎక్కువగా పడుతున్న ప్రాంతాల్లో ఒకటైన ఈశాన్యంలోనే లెక్క ఇంకా అసంపూర్ణంగా ఉండడం విచారకరం.

ఇక్కడే మరొక శాస్త్రం రంగంలోకి వస్తున్నది. అది ప్రకంపనల శాస్త్రం. వంతెన దృఢత్వాన్ని దాని కంపనాల తీరును బట్టి ఇంజనీర్లు అంచనా వేస్తారు. పగుళ్లు బారి దృఢత్వం సడలిన కట్టడం సహజంగా కంపించే వేగం తగ్గుతుంది. విడగొట్టి చూడలేని దాని స్థితిని కంపనం ద్వారా తెలుసుకోవడమే ఇందులోని కీలకం. కంటికి కనబడని ఏనుగును నేల ద్వారా వినడానికి కూడా ఆధారం ఇదే. ఏనుగులు నోటితో చేసే గంభీరధ్వనులు, వాటి అడుగులు నేలలో పుట్టించే తరంగాలు సెకనుకు 20 కంపనాల ప్రాంతంలో ఉంటాయి. మనిషి చెవికి వినిపించే ధ్వనులకు అదే దిగువ హద్దు. అమెరికా శాస్త్రజ్ఞురాలు కైట్లిన్ ఓకానెల్, ఆమె సహచరులు ఆసియా ఏనుగుల ధ్వనులు, నడక నేలలో ఎలా ప్రయాణిస్తాయో 2000లో వివరించారు. నమీబియాలోని ఎటోషా జాతీయ పార్కులో నేలలో అమర్చిన సాధనాల ద్వారా ఏనుగు అడుగును ఇతర పెద్ద జంతువుల అడుగు నుంచి వేరుచేసి గుర్తించవచ్చునని 2005లో వెలువడిన పరిశోధన చూపింది. గణనకు కూడా ఈ పద్ధతి పనికిరావచ్చునని ఆ పరిశోధకులే సూచించారు. గుంపులో అడుగుల తరంగాలు ఒకదానిపై ఒకటి పడతాయి గనుక విడివిడిగా లెక్కించడం సులభం కాదు. కాని ఏనుగులు వస్తున్నాయా, లేదా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పడం అంతకన్నా తేలిక.

భారతీయ రైల్వేలు 'గజరాజ్' పేరిట చేపట్టిన ఏర్పాటు ఈ ప్రశ్నకే పరిమితమైనది. పట్టాల వెంట నేలలో వేసిన ఆప్టికల్ ఫైబర్ తీగలోకి లేజర్ కాంతిని క్షణక్షణం పంపుతారు. గాజులోని అతి సూక్ష్మమైన లోపాల వల్ల ఆ కాంతిలో కొద్ది భాగం వెనుదిరిగి వస్తుంది. ఏనుగు అడుగుకు నేల కంపిస్తే తీగ కూడా అణుమాత్రం సాగుతుంది, తిరిగివచ్చే కాంతిలో ఆ మార్పు కనిపిస్తుంది. కాంతి తిరిగిరావడానికి పట్టిన కాలాన్ని బట్టి కంపనం ఏ చోట పుట్టిందో తెలుస్తుంది. ఇందులో ఒక విశేషం ఉంది. నేల ఉపరితలం వెంట సాగే తరంగానికి, తీగలో కాంతి చెదరడానికి కూడా ఒకే శాస్త్రజ్ఞుని పేరు స్థిరపడింది. ఆయన 1904లో నోబెల్ బహుమతి అందుకున్న లార్డ్ రేలీ.

ఈ ఏర్పాటును ఈశాన్య సరిహద్దు రైల్వేలో ఉత్తర బెంగాల్‌లోని చల్సా-హాసిమారా, అస్సాంలోని లంక-హబైపూర్ మార్గాల్లో మొదట ప్రయోగించారు. ఏనుగులున్న అడవుల గుండా పోయే 700 కిలోమీటర్ల మార్గానికి 181 కోట్ల రూపాయలతో విస్తరిస్తామని రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ 2023 నవంబర్‌లో ప్రకటించారు. లంక, హబైపూర్‌లు లుమ్డింగ్ డివిజన్‌లోనివే, రాజధాని ఎక్స్‌ప్రెస్ ఏనుగులను ఢీకొన్నదీ ఆ డివిజన్‌లోనే. యంత్రం విఫలమైందని దీనిని బట్టి చెప్పజాలము. యంత్రాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించే జాబితా విఫలమైందని చెప్పక తప్పదు. దేశంలో 15 రాష్ట్రాల్లో 150 ఏనుగుల మార్గాలను 2023లో ప్రభుత్వం గుర్తించింది. కాని మేత, నీరు, చేల పంట మారినప్పుడల్లా గుంపుల దారి కూడా మారుతుంది. మారే దారికి మారని జాబితాను ఆధారంగా చేసుకుంటే ప్రమాదం జాబితా వెలుపల పొంచి ఉంటుంది.

ఇక యంత్రం పనిచేసే చోట సైతం ఒక చిక్కు ఉంది. నేల ఒక్క ఏనుగుకే కంపించదు. పశువులు, ట్రాక్టర్లు, పట్టాల మరమ్మతు చేసే కూలీలు, దూరాన పోయే మరో రైలు అన్నీ ఆ తీగను కదిలిస్తాయి. తడి నేల, పొడి నేల కంపనాన్ని ఒకే తీరున మోయవు. హెచ్చరికకు హద్దును తక్కువగా పెడితే తప్పుడు కబుర్లు పెరుగుతాయి. నాలుగుసార్లు ఊరికే రైలు ఆపిన స్టేషన్ మాస్టరు, డ్రైవరు అయిదోసారి కబురును తేలికగా తీసుకుంటారు. హద్దును ఎక్కువగా పెడితే నిజంగా వచ్చిన గుంపు హెచ్చరిక లేకుండానే పట్టాలెక్కుతుంది. ఈ రెండింటిలో ఏది ఎంత అన్నది యంత్రం నిర్ణయించదు, మనుషులు నిర్ణయించాలి. ఆ నిర్ణయం సరైనదో కాదో తెలియాలంటే ఎన్ని హెచ్చరికలు వచ్చాయి, వాటిలో నిజమైనవి ఎన్ని, ఎన్ని రైళ్లు వేగం తగ్గించాయి, హెచ్చరిక రాకుండానే దాటిన గుంపులు ఎన్ని అన్న లెక్కను రైల్వేలు ఏటా ప్రకటించాలి. ఏనుగుల సంఖ్యకు కింది హద్దు, పై హద్దు చెప్పే నిజాయితీ వన్యప్రాణి సంస్థకు ఉన్నప్పుడు, హెచ్చరికల విషయంలో రైల్వేలకు ఎందుకు ఉండకూడదు?

ఇది ఈశాన్యానికే పరిమితమైన సమస్య అనుకోరాదు. 2013 నవంబర్‌లో ఉత్తర బెంగాల్‌లోని చాప్రామారి అడవిలో ఒకే రైలు ఏడు ఏనుగులను బలిగొన్నది. 2012 డిసెంబర్‌లో ఒరిస్సాలోని గంజాం జిల్లాలో గుంపును ఢీకొన్నది తెలుగువారికి సుపరిచితమైన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్. 2021 నవంబర్‌లో కోయంబత్తూరు సమీపాన మూడు ఏనుగులు మరణించాక, తమిళనాడు ప్రభుత్వం మదుక్కరై వద్ద పట్టాల వెంట కెమెరాలతో కూడిన హెచ్చరిక ఏర్పాటును 2024లో ప్రారంభించింది. ఒరిస్సా నుంచి వచ్చిన గుంపులు పార్వతీపురం మన్యం పరిసరాల్లోను, తమిళనాడు, కర్ణాటక అడవుల గుంపులు చిత్తూరు జిల్లా కౌండిన్య అభయారణ్యం పరిసరాల్లోను తిరుగుతున్న సంగతి తెలిసినదే. పంటలు, మనుషుల ప్రాణాలు పోయిన ఆ గ్రామాలకు ఏనుగు ఎటునుంచి వస్తున్నదో ముందుగా తెలియడం రైలు డ్రైవరుకు తెలిసినంత అవసరమే.

హెచ్చరిక ఎంత ఖచ్చితమైనదైనా రైలు నెమ్మదించకపోతే నిష్ప్రయోజనం. వేగంగా పోయే రైలు బ్రేకు వేసిన చోట ఆగదు, వందల మీటర్లు సాగి ఆగుతుంది. కనుక రాత్రివేళ అడవి మార్గాల్లో వేగ పరిమితిని కాగితంపై గాక పట్టాలపై అమలుచేయడం, గుంపులు దాటే చోట్ల కింది నుంచి దారులు నిర్మించడం, అటవీశాఖ తాజా సమాచారంతో మార్గాల జాబితాను ఏటా సవరించడం యంత్రంతోపాటు సాగవలసిన పనులు. అటవీశాఖ చేతిలో ఏనుగుల లెక్క, రైల్వేల చేతిలో ప్రకంపనల లెక్క విడివిడిగా ఉండిపోతే రెండూ సగం లెక్కలే. ఎక్కడ ఎన్ని ఏనుగులున్నాయో చెప్పే శాస్త్రం, ఈ క్షణాన ఏ దారిన నడుస్తున్నాయో చెప్పే శాస్త్రం ఒకేచోట కలిస్తేనే తీగను ఎక్కడ వేయాలో తెలుస్తుంది.

ఏనుగును 2010లో జాతీయ వారసత్వ జంతువుగా ప్రకటించుకున్నాము. అడవిలోని ఆసియా ఏనుగుల్లో సగానికి పైగా మన దేశంలోనే ఉన్నాయి. ఒక్క రాత్రి ఏడు ఏనుగులు పోతే ఆ నష్టం మొత్తం లెక్కలోని పరిధిలో కనిపించకపోవచ్చు. కాని ఆడ ఏనుగు గర్భధారణ కాలమే రెండేళ్లకు దగ్గరగా ఉంటుంది గనుక ఆ గుంపు కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఏనుగు అడుగును వినే సాధనాన్ని శాస్త్రజ్ఞులు చేతికిచ్చారు. విన్న తరువాత రైలును ఆపే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.