అలికిన చేతికి తాపీ ఎందుకివ్వరు?

వంటింటి మీద మన సాహిత్యంలో వచ్చినన్ని కవితలు, కథలు, వ్యాసాలు ఇంట్లో ఇంకే గది మీదా రాలేదు. రావలసినవే. నా తరం అమ్మాయిలు చాలామంది స్త్రీవాదంలోకి అడుగుపెట్టింది విమల 'వంటిల్లు' కవిత గుమ్మంలోంచే. కానీ ఆ గదికి నాలుగడుగుల దూరంలో స్నానాల గది ఉంది. రోజూ కడిగేదీ, పాచి గీకేదీ, వాసన వస్తే ముందుగా పసిగట్టేదీ ఆడవాళ్లే అయిన గది. దాని గురించి మనం ఏం రాశాం? తలుపేసుకుని కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చే కథానాయికలు మనకు బోలెడు మంది. ఆ నీళ్లు ఎటు పోయాయో, గోడా నేలా కలిసేచోట సందు పడితే ఎవరింటి స్లాబులోంచి కారాయో నేను చదివినంతలో ఎవరూ అడగలేదు.

ఇది వెటకారం కాదు. ఇంటిచాకిరీ గురించి ఇన్నేళ్లు మాట్లాడుతూ మనం ఒక విభజనను ప్రశ్నించకుండా వదిలేశాం. శుభ్రం చేయడం ఆడపని, బాగుచేయడం మగపని. మొదటిది ప్రేమ, అలవాటు, బాధ్యత. రెండోది నైపుణ్యం. మొదటిదానికి కూలి లేదు, ఉన్నా నెలకు అయిదారు వందలు. రెండోదానికి గంటల లెక్కన బేరం. ఈ గీత ఎప్పటినుంచో ఉన్నదీ కాదు, ప్రకృతి గీసిందీ కాదు. మా అమ్మమ్మ కాలంలో అది వేరేచోట ఉండేది.

మట్టి ఇల్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం గోడలు నెర్రెలిస్తాయి, వానాకాలం ఆ నెర్రెల్లోంచే చెమ్మ దిగుతుంది. మట్టీ పేడా కలిపి ఆ నెర్రెలు పూడ్చి, నున్నగా మెత్తి, ఆరాక మళ్లీ ఒక పూత వేసేది ఆడవాళ్లు. ఏ చెరువు మట్టికి జిగురుంది, ఎంత పేడ కలిపితే ఎండలో పగలదు, ఏ మూల ముందు తడుస్తుంది, ఇవన్నీ వాళ్ల చేతులకు తెలుసు. అలకడమంటే మనం అనుకుంటున్నట్టు నేల తుడవడం కాదు, ఇంటి సందులు మూయడం. నీటికీ ఇంటికీ మధ్య నిలబడే పని. దానికి కూలి లేదు, పేరు లేదు. అయినా ఆ పరిజ్ఞానం మాత్రం పూర్తిగా స్త్రీలదే.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు మనందరికీ తెలుసు. ఆ కథతో నాకు పేచీ లేదు. దాన్ని తరగతి గదుల్లో మనం చదివించే తీరుతోనే పేచీ. అలకడం అంటే అస్తిత్వాన్ని చెరిపేసుకోవడం అని ఒక్క ముక్కలో తేల్చేసి, పరీక్షలో అదే రాయించి, ముందుకు వెళ్లిపోతున్నాం. ఆ చేతికి ఏం తెలుసు, తెలిసినది తర్వాత ఎక్కడికి పోయింది అన్న ప్రశ్న వేయం. చాకిరీని ద్వేషించడం నేర్చుకున్నాం. మంచిదే. ఆ ద్వేషంలో, చాకిరీలో ఇమిడి ఉన్న విద్యను కూడా బయట పారేశాం. పారేసినదాన్ని ఎవరో ఏరుకుని, మనకే డబ్బుకు అమ్ముతున్నారు.

ఇల్లు సిమెంటుదయ్యాక జరిగింది ఇదే. సందులు మూసే పని అలాగే ఉంది. పేరు మారింది, పనిముట్టు వచ్చింది, కూలి వచ్చింది. వాటితో పాటు మగవాడూ వచ్చాడు. హైదరాబాదులో కట్టే ఏ భవనం దగ్గరైనా నిలబడి చూడండి. పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన స్త్రీలు ఇసుక జల్లిస్తారు, మాలు కలుపుతారు, తట్టలు మోస్తారు. తాపీ మాత్రం వాళ్ల చేతికి రాదు. ఇరవయ్యేళ్లు మాలు అందించినా ఆమె 'కూలీ'యే. ఆమె వెనకాల పనిలో చేరిన కుర్రాడు మూడేళ్లలో 'మేస్త్రీ'. పోర్చుగీసు 'మెస్త్రె' నుంచి వచ్చిన మాట అది, గురువు అని అర్థం. మన లిపిలోకి వచ్చేసరికి అందులో స్త్రీ దూరింది గానీ ఆ పనిలోకి మాత్రం ఇంకా దూరలేదు. (భాషాశాస్త్రం చదువుకున్నవాళ్లు ఈ చమత్కారాన్ని క్షమించాలి.) 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలన్నారు. దానికి మార్కెట్టు కనిపెట్టిన విరుగుడు చాలా తేలిక, ఇద్దరికీ ఒకే పని రానివ్వకపోవడమే.

ఇక నా సంగతి. రెండో అంతస్తులో అద్దెకుంటాను, ఒంటరిగా. కిందింటి ఆంటీగారి బాత్రూం పైకప్పు కారుతోందని ఒక రోజు కబురు వచ్చింది. ప్లంబరు వచ్చాడు. వస్తూనే, "సార్ లేరా మేడం?" అన్నాడు. సారు లేరు, ఉండరు, నాతో చెప్పమన్నాను. నాతో చెప్పకుండా వాచ్‌మన్‌తో చెప్పాడు. తెల్ల సిమెంటు కలిపి మూలల్లో పులిమి, డబ్బు తీసుకుని వెళ్లాడు. మూడు నెలలు తిరక్కుండానే అది పగిలింది. పగలక ఏం చేస్తుంది? గోడ ఒకటి, నేల ఒకటి. వేడికీ, చలికీ, బరువుకీ రెండూ వేర్వేరుగా వెంట్రుకవాసి కదులుతుంటాయి. ఎండి రాయిలా బిగుసుకునే సిమెంటు ఆ కదలికకు సాగదు. టైలుకీ టైలుకీ మధ్య అది పనికొస్తుంది గానీ, గోడా నేలా కలిసే మూలలో, గొట్టం గోడలోకి దూరే చోట, వాష్ బేసిను గోడకు ఆనే చోట సాగే పదార్థం కావాలి. అది సిలికాన్.

ముందు ఎక్కడ కారుతోందో తేల్చాలి. దానికి ప్లంబరు అక్కర్లేదు, ఓపిక చాలు. మూడు నాలుగు రోజులు ఆ బాత్రూం వాడటం మానేశాను. కింద చెమ్మ ఆరడం మొదలుపెట్టింది. కుళాయి గొట్టాల్లో నీళ్లు ఎప్పుడూ ఒత్తిడితో ఉంటాయి. అక్కడ చిల్లు పడితే మనం వాడినా వాడకపోయినా కారుతుంది. ఆరిందంటే దోషం మనం పోసుకునే నీళ్లు వెళ్లే దారిలో ఉన్నట్టు. తర్వాత గోడలు తడపకుండా నీళ్లు పోయే జాలీలోకి నేరుగా బకెట్లకొద్దీ పోశాను, కింద చుక్క రాలేదు. మర్నాడు మూలకు పోశాను. సాయంత్రానికి ఆంటీగారు ఫోన్ చేశారు. పరిశోధన పద్ధతుల గురించి విశ్వవిద్యాలయంలో ఒక పేపరు చదివాం గానీ, ఊహను పరీక్షకు పెట్టడమంటే ఏమిటో నాకు ఆ మూల దగ్గర అర్థమైనంత బాగా అక్కడ అర్థం కాలేదు.

ఆ మీదట చేసింది ఇంత. పాతది మొత్తం బ్లేడుతో గీకి తీసేశాను. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు, పైన పూయడం దండగ. బూజు కడిగి, రెండు రోజులు ఫ్యాను పెట్టి సందు ఎండనిచ్చాను. అందరూ ఎగ్గొట్టేది ఇక్కడే. తడి లోపల ఉండగా మూస్తే అది లోపలే కుళ్లుతుంది. సందుకు రెండు వైపులా కాగితం టేపు అంటించి, తుపాకీలాంటి సాధనంతో సిలికాన్‌ను ఆపకుండా ఒకే ధారగా నింపి, సబ్బునీళ్లలో ముంచిన వేలితో నొక్కి ఒక్క ఊపున లాగాను. పైపొర కట్టకముందే టేపు తీసేశాను. ఒక రోజంతా నీళ్లు తగలనివ్వలేదు. చవకరకం సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. ఆ ఆమ్లం పాలరాయిని పాడుచేస్తుంది కాబట్టి రాతి పలకలున్నచోట న్యూట్రల్ రకం అడగాలి. ట్యూబు రెండు మూడు వందలు. టైళ్ల కింద వేయాల్సిన వాటర్‌ప్రూఫింగే చెడిపోతే ఇది చాలదు, నేల తవ్వాల్సిందే. కానీ నా మూల కారడం ఆగింది.

ఈ పని చేయడం కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంటి యజమాని మాట. మరమ్మతు ఖర్చు అడ్వాన్సులోంచి పట్టుకుంటానన్నాడు. కారణం, "మీ పనిమనిషి యాసిడ్ పోసి సందులు తినేసింది." ఆయన రసాయన శాస్త్రం తప్పు కాదు. యాసిడ్ సిమెంటును కరిగిస్తుంది. టైళ్ల మధ్య పూడ్చినది నెలనెలా కొంచెం కొంచెం తినేసి నీటికి దారి ఇస్తుంది. కానీ తాళం చెవులిచ్చిన రోజు బాత్రూం గూట్లో యాసిడ్ సీసా పెట్టి, టైళ్లు తెల్లగా ఉంచండమ్మా అని చెప్పి వెళ్లింది ఎవరు? తెల్లదనం కావలసింది ఇంటివాళ్లకు, దగ్గు వచ్చేది ఆమెకు, వేళ్ల చివర చర్మం ఊడేది ఆమెకు, నింద కూడా ఆమెకే. యాసిడ్‌తో పాటు బ్లీచింగ్ పౌడరు కూడా వేసి కడగమనే ఇళ్లున్నాయి. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. తలుపు మూసిన చిన్న గదిలో ఉక్కిరిబిక్కిరై బయటికి పరిగెత్తిన అనుభవం ఆమెకుంది. ఆ ఇంటి ఇల్లాలికి లేదు.

2013లో సుప్రీంకోర్టు యాసిడ్ చిల్లర అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. మన ఉద్యమాలు, మన వ్యాసాలు దాని వెనక ఉన్నాయి. ముఖం మీద పడిన యాసిడ్ మనకు హింసగా కనిపించింది, కనిపించి తీరాలి. ఇరవయ్యేళ్లుగా వేళ్ల మీద పడుతున్న యాసిడ్ మాత్రం మనకు శుభ్రతగానే కనిపిస్తోంది.

దళిత స్త్రీలు ఈ మాట మనకు ఏనాడో చెప్పారు. 2000ల మొదట్లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చినప్పటి నుంచీ, మీ వంటింటి బాధ ఒక్కటే స్త్రీల బాధ కాదని అంటూనే ఉన్నారు. మనం తలలూపాం, సెమినార్లు పెట్టాం. ఇంటికొచ్చి చూస్తే, వంటమనిషి బాత్రూం కడగదు, బాత్రూం కడిగే ఆమెను వంటింట్లోకి రానివ్వరు. ఒకే ఫ్లాటులో రెండు గదులకు ఇద్దరు స్త్రీలు. వారిద్దరి మధ్య గోడ ఏమిటో అందరికీ తెలుసు. వంటింటిని కూల్చేద్దామన్న ఆవేశంలో ఈ గోడను మనం ముట్టుకోలేదు.

నాతో ఈ వాదన చేసిన స్నేహితురాలు ఒకటన్నది. "ఉన్న చాకిరీ చాలక రిపేర్లు కూడా మన నెత్తినేనా? మగవాళ్లు చేసే ఒక్క పనీ లాక్కుంటే వాళ్లు ఇంకా ఖాళీగా కూర్చుంటారు." ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. సూపర్‌వుమన్ ప్రకటనలు చూసీ చూసీ మనకు ఏ కొత్త నైపుణ్యమన్నా భయమేస్తుంది. కానీ తేడా ఉంది. కడగడానికి అంతం లేదు, రేపు మళ్లీ కడగాలి. సందు సరిగ్గా మూస్తే కొన్నేళ్లు దాని మొహం చూడక్కర్లేదు. రోజూ కడగాల్సిన పనిని మగవాడికివ్వాలి. అది ఎటూ మనం అడుగుతున్నదే. ఎప్పుడో ఒకసారి చేసే, డబ్బూ మాటా విలువా తెచ్చే పనిని ఎందుకు వదులుకోవాలి? ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1980ల మధ్యలోనే వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇల్లు కాగితం మీద మన పేరున ఉంటుంది. గోడలో ఏముందో, గొట్టం ఎటు పోతుందో మాత్రం భర్తకీ ప్లంబరుకీ మధ్య సంభాషణ. సొంత ఇంట్లో కూడా టీ ఇచ్చి పక్కకు తప్పుకునే యజమానురాళ్లను నేను చూశాను. అందులో ఇద్దరు ప్రొఫెసర్లు.

జార్ఖండ్‌లో స్వచ్ఛ భారత్ కింద మరుగుదొడ్లు కట్టడానికి మేస్త్రీలు చాలనప్పుడు గ్రామాల్లోని స్త్రీలకు తాపీపని నేర్పారు. వాళ్లకు 'రాణీ మిస్త్రీ' అని పేరు. ఆడదాని చేతికి తాపీ ఇవ్వడానికి ముందు ఆమెను రాణిని చెయ్యడం ఎందుకో నాకు అర్థం కాదు. మగ మేస్త్రీని రాజా అని ఎవరూ పిలవడం లేదు కదా. అయినా ఆ మాట అక్కడ పుట్టింది. ఆ స్త్రీలు గోడలు కట్టారు, కూలి తీసుకున్నారు. తెలుగులో ఆ మాట మనకింకా లేదు.

యజమానికి ఉత్తరం రాశాను. పని తేదీలు, ప్లంబరు పులిమిన సిమెంటు ఫోటోలు, నేను కొన్న సామాను బిల్లులు జతచేశాను. చదివి, మీ నాన్నగారి నంబరివ్వమన్నాడు. ఇవ్వలేదు. ఆ తగువు ఇంకా నడుస్తోంది.

మా ఇంట్లో పనిచేసే ఆమె మాత్రం నేను మూల మూస్తున్నంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి చూసింది. ఒక్క ప్రశ్న అడిగింది. "అమ్మా, దీనికి ఆ ప్లంబరు ఎంత తీసుకుంటాడు?" ఒక బాత్రూంకి పదిహేను వందలన్నాను. ఈ అపార్టుమెంటులో మూడు బాత్రూంలు నెలంతా కడిగితే ఆమెకు వచ్చేది అంత. మర్నాడు ఆ తుపాకీ తన చేతికి తీసుకుని రెండో బాత్రూం మూల తనే పట్టింది. నాకంటే నున్నగా వచ్చింది. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో అరుగులు అలికిన చెయ్యి అది. ఇప్పటికి రెండు ఫ్లాట్ల వాళ్లు ఆమెను పిలిచారు, ప్లంబరుకి ఇచ్చేదాంట్లో సగం ఇచ్చారు. మూడో ఇంటావిడ ఉద్యోగస్థురాలు, చదువుకున్నావిడ. ఆవిడ, "మీ ఆయన్ని పంపించకూడదూ?" అందట.