వారం పాఠం ఎవరిని నిలదీయాలి?

శనివారం ఉదయం యెరూషలేములోనైనా, న్యూయార్కులోనైనా, ముంబైలోనైనా యూదుల ప్రార్థనాలయంలో చర్మపత్రపు చుట్ట విప్పితే, ఇంచుమించు అంతటా ఒకే పాఠం వినిపిస్తుంది. తోరా అంటే మోషే పేరున ఉన్న అయిదు గ్రంథాలు. తెలుగు బైబిలు చదివేవారికి ఆదికాండము నుంచి ద్వితీయోపదేశకాండము వరకు. వాటిని 54 భాగాలు చేసి, వారానికి ఒకటి చొప్పున, ఒక్కోసారి రెండు కలిపి, ఏడాదిలో పూర్తిచేస్తారు. ఆఖరి భాగం ముగిసిన సిమ్హత్ తోరా పండుగనాడే మళ్లీ సృష్టి కథతో మొదలుపెడతారు.

ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఒకటుంది. ఏ వారం ఏది చదవాలన్నది మతగురువైన రబ్బీ చేతిలో లేదు, సభ చేతిలో లేదు. పాఠం తన వంతు ప్రకారం వచ్చి కూర్చుంటుంది. వడ్డీ వ్యాపారి వచ్చిన వారమే వడ్డీని నిషేధించే అధ్యాయం రావచ్చు. కూలీలకు బకాయిపడ్డ కంట్రాక్టరు వచ్చిన వారమే కూలి ఎగ్గొట్టేవాణ్ని దోషిగా నిలబెట్టే అధ్యాయం రావచ్చు. నచ్చిన మాట ఏరుకుని, నచ్చనిది దాటేసే వీలు లేకపోవడమే ఈ చదువుకు ప్రాణం.

చదివేటప్పుడు మరో కట్టుబాటు ఉంది. చుట్టలో అచ్చుల గుర్తులుండవు, విరామ చిహ్నాలుండవు. పాఠకుడు ముందే సాధన చేసుకుని వచ్చి, వెండి పుల్ల కొసతో వరుస చూపుకుంటూ చదవాలి. అర్థం మారేలా ఒక్క అక్షరం తప్పు పలికినా వింటున్నవాళ్లు అక్కడికక్కడే పైకి అని సరిదిద్దుతారు. ఎంత పెద్దవాడైనా వెనక్కి వెళ్లి ఆ మాట సరిగ్గా చదవాల్సిందే. అక్షరం విషయంలో ఇంత పట్టింపు ఉన్న సమాజం, ఆ అక్షరాన్ని నేటి రాజకీయానికి, వ్యాపారానికి, యుద్ధానికి అన్వయించేటప్పుడు కూడా అంతే పట్టింపు చూపాలన్నదే ఈ వారం నేను చెప్పదలచుకున్న మాట.

వారం పాఠాన్ని వర్తమానానికి ముడిపెట్టడం యూదుల్లో పాత అలవాటు. ఇజ్రాయెల్‌లో శనివారానికల్లా ప్రార్థనాలయాల్లో అలాంటి అన్వయాల ఉచిత కరపత్రాలు దొంతరలుగా చేరతాయి. బ్రిటన్ ప్రధాన రబ్బీగా పనిచేసిన జొనాథన్ శాక్స్ ఏళ్ల తరబడి వారం వారం ఇదే పని చేశారు. అయితే ఈ అన్వయం రెండు దారుల్లో నడుస్తుంది. ఒక దారిలో పాఠం చదివేవాణ్ని నిలదీస్తుంది. రెండో దారిలో చదివేవాడు పాఠాన్ని ఎదుటివాడి మీదకు ఎక్కుపెడతాడు. మొదటిది చదువు, రెండోది దుర్వినియోగం.

మొదటి దారి ఎలా ఉంటుందో నెహమా లైబోవిట్స్ చూపించారు. 1905లో రీగాలో పుట్టి, 1930లో పాలస్తీనాకు వచ్చి స్థిరపడిన ఉపాధ్యాయురాలు ఆమె. 1942లో కిబ్బుట్జ్ అనే ఉమ్మడి వ్యవసాయ క్షేత్రాల మహిళలు కొందరు చదువు కొనసాగించే దారి అడిగితే, వారం పాఠం మీద ప్రశ్నల కాగితం తయారుచేసి పంపారు. అది ఆగకుండా 1971 దాకా సాగింది. ఆ కాగితంలో ప్రవచనం ఉండదు, తీర్పు ఉండదు. ప్రశ్నలే ఉంటాయి. ఈ వ్యాఖ్యాత ఇలా అన్నాడు, ఆ వ్యాఖ్యాత అలా అన్నాడు, ఇద్దరినీ ఇబ్బంది పెట్టిన సంగతేమిటి అని అడుగుతారు. కష్టమైన ప్రశ్న పక్కన ఒక గుర్తు, మరీ కష్టమైనదాని పక్కన రెండు. సైనికులు, రైతులు, గృహిణులు జవాబులు రాసి టపాలో పంపితే, ఆమె ఎర్ర సిరాతో దిద్ది తిరిగి పంపేవారు. లోకం తీరు గురించి తీర్పు చెప్పేముందు నువ్వు వాక్యం సరిగ్గా చదివావా అని ప్రతి మనిషినీ విడివిడిగా అడిగిన చదువు అది.

ఇక ఒక పాఠాన్నే తీసుకుని చూద్దాం. ఏటా ఆగస్టులోనో సెప్టెంబరులోనో వచ్చే భాగం 'కీ తేట్సే'. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం నడుమ మొదలై 25వ అధ్యాయం చివర ముగుస్తుంది. సంప్రదాయం లెక్కించే 613 ఆజ్ఞల్లో 74 ఈ ఒక్క భాగంలోనే ఉన్నాయి. దొరికిన సొమ్ము యజమానికి చేర్చాలి. పొలంలో మరిచిపోయిన పన కోసం వెనక్కి పోకూడదు, పరదేశికి, అనాథకు, విధవరాలికి పరిగె ఏరుకునే వీలు ఉంచాలి. కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదు. తిరగలి రాయిని తాకట్టు పట్టకూడదు. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం బాకీదారు ఇంట్లోకి జొరబడకూడదు, గుమ్మం బయటే నిలబడాలి. సంచిలో రెండు రకాల తూనికరాళ్లు ఉండకూడదు.

ఇదే భాగంలో పిట్టగోడ ఆజ్ఞ ఉంది. కొత్త ఇల్లు కడితే మేడ చుట్టూ పిట్టగోడ పెట్టాలి, ఎవరైనా పడితే ఆ రక్తదోషం ఇంటివాడిదే. యూదుల ధర్మచర్చల సంకలనమైన తాల్ముదులోని పండితులు దీన్ని గోడ దగ్గరే ఆపలేదు. ఇంట్లో కరిచే కుక్కను పెంచకూడదు, విరిగే నిచ్చెన ఉంచకూడదు అన్నారు. ప్రమాదం ఏదైనా ముందుగా చూసుకోవడం యజమాని బాధ్యత అని సూత్రం తీశారు.

ఆ సూత్రాన్ని నేటికి తెస్తే ఎక్కడికి వస్తుంది? 2001 మే 24న యెరూషలేములో వెర్సాయ్ అనే పెళ్లిహాలు మూడో అంతస్తు నేల, పెళ్లి జరుగుతుండగానే కుప్పకూలి 23 మంది చనిపోయారు. అంతకు ముందే నేల కుంగడం కనిపిస్తే పైపైన పూడ్చి సరిపెట్టారు. 2021 ఏప్రిల్ 30న ఇజ్రాయెల్‌లోని మెరోన్ కొండ మీద పండుగ తొక్కిసలాటలో 45 మంది ప్రాణాలు పోయాయి. మూడేళ్లకు వచ్చిన విచారణ సంఘం నివేదిక ప్రధాని నెతన్యాహును కూడా వ్యక్తిగతంగా బాధ్యుడిగా చెప్పింది. ఆ కొండకు వచ్చినవాళ్లంతా భక్తులే. పిట్టగోడ ఆజ్ఞ ఏటా చెవిన పడుతున్నవాళ్లే. వినికిడికీ ఆచరణకూ మధ్య ఎంత దూరమో ఆ 45 ప్రాణాలు చెబుతున్నాయి.

కూలి ఆజ్ఞ మరీ సూటిగా ఉంటుంది. పేద కూలివాడి కూలి ఆనాడే, పొద్దుగుంకకముందే చేతిలో పెట్టాలి. అతడు స్వజనుడైనా, నీ ఊళ్లో ఉన్న పరదేశి అయినా సరే. అతడు చెట్టెక్కింది, ప్రాణం పణంగా పెట్టింది ఆ కూలి కోసమే కదా అని తాల్ముదు గుర్తుచేస్తుంది. ఇజ్రాయెల్ 1958లో తెచ్చిన వేతన రక్షణ చట్టం వెనుక ఈ ఆలోచనే ఉంది. జీతం ఎగ్గొట్టడమే కాదు, ఆలస్యం చేయడమూ తప్పేనని, ఆలస్యానికి పరిహారం కట్టాలని అది చెబుతుంది.

అమెరికాలో ఈ ఆజ్ఞ సమాజం లోపలే పెద్ద చర్చ లేపింది. 2008 మే 12న అయోవా రాష్ట్రంలోని పోస్ట్‌విల్ అనే చిన్న ఊళ్లో, దేశంలోకెల్లా పెద్దదైన కోషర్ (యూదు ఆహార నియమాలకు తగిన) మాంసం కర్మాగారం మీద దాడి చేసి అధికారులు 389 మంది వలస కూలీలను పట్టుకున్నారు. అక్కడి పని పరిస్థితుల గురించి అంతకు ముందే పత్రికలు రాశాయి. కత్తి పదునుగా ఉందా, పశువు ఊపిరితిత్తులు బాగున్నాయా అని నిశితంగా చూసిన ధర్మం, ఆ కత్తి పట్టిన చెయ్యికి న్యాయమైన కూలి అందుతోందా అని ఎందుకు చూడలేదని రబ్బీ మోరిస్ ఆలెన్ వంటివారు అడిగారు. పనివాళ్లకు సక్రమంగా జీతమిచ్చే రెస్టారెంట్లకు విడిగా నైతిక ముద్ర ఇచ్చే 'తావ్ హయోషెర్' 2009లో మొదలైంది. పాఠం తమనే నిలదీయనిచ్చినప్పుడు జరిగే పని ఇది.

ఈ ఆజ్ఞలోని పరదేశి మనకు దూరపువాడు కాదు. వృద్ధుల సంరక్షణ పనికి ఇజ్రాయెల్ వెళ్లిన తెలుగువాళ్లు అక్కడ ఎప్పటినుంచో ఉన్నారు. 2023 అక్టోబరు తరవాత పాలస్తీనా కూలీలను రానివ్వడం ఆపేశాక భవన నిర్మాణానికి మన దేశం నుంచి మనుషులను తీసుకున్నారు. 2024లో హైదరాబాదులోనూ ఎంపికలు జరిగాయి. అంటే ద్వితీయోపదేశకాండము చెప్పిన ఆ కూలివాడు ఇవాళ మన ఊరి మేస్త్రీ కావచ్చు, మన వీధి అక్క కావచ్చు. ఒకప్పుడు అక్కడ విదేశీ పనివాళ్ల వీసా ఒకే యజమానికి కట్టుబడి ఉండేది. ఆ యజమాని దగ్గర్నుంచి బయటపడితే చాలు, మనిషి అక్రమ నివాసి అయిపోయేవాడు. 2006లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొత్త తరహా బానిసత్వంతో పోల్చి చెల్లదని చెప్పింది. యజమాని దగ్గర్నుంచి పారిపోయి వచ్చిన దాసుణ్ని తిరిగి అప్పగించవద్దు, తనకు నచ్చిన చోట ఉండనివ్వమనే ఆజ్ఞ కూడా 'కీ తేట్సే'లోదే. ఆ తీర్పుకూ ఈ ఆజ్ఞకూ బంధుత్వం నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంతవరకు హాయిగానే ఉంది. కానీ వంతు ప్రకారం చదివేవాడికి ఇదే భాగంలో గుండె జలదరించే చోట్లూ ఎదురవుతాయి. మాట వినని కొడుకును ఊరి పెద్దల ముందు నిలబెట్టి రాళ్లతో కొట్టమంటుంది. అమ్మోనీయులను, మోయాబీయులను సమాజంలోకి రానివ్వవద్దంటుంది. చివర్లో, ఎడారిలో వెనకబడ్డ బలహీనులను వేటాడిన అమాలేకు పేరు భూమ్మీద లేకుండా తుడిచేయమంటుంది.

వీటిని పూర్వపు పండితులు ఎలా చదివారో చూడండి. మాట వినని కొడుకు విషయంలో షరతు మీద షరతు పేర్చి, అలాంటివాడు ఎన్నడూ లేడు, ఇక ఉండడు, ఆ వాక్యం చదువుకుని ఫలం పొందడానికే ఉందని తాల్ముదులో తేల్చారు. యూదా అనే అమ్మోనీయుడు తనను చేర్చుకోమని వచ్చి అడిగితే, అష్షూరు రాజు సన్హెరీబు ఏనాడో జాతులన్నిటినీ కలగాపులగం చేశాడు కనుక ఫలానావాడు అమ్మోనీయుడని నేడు ఎవరూ చెప్పలేరని రబ్బీ యెహోషువ వాదించారు. అతణ్ని చేర్చుకున్నారు. దావీదు రాజు ముత్తవ్వ రూతు మోయాబు స్త్రీయే. పండితులు వాక్యాన్ని చెరిపేయలేదు. దాని చేత మనిషి ప్రాణం తీయించనూ లేదు.

అమాలేకు వాక్యాన్ని అలా పట్టి ఆపనప్పుడు ఏమవుతుందో చరిత్రలో ఉంది. పూరీము పండుగకు ముందు శనివారం ఈ వాక్యాలు ప్రత్యేకంగా చదువుతారు. 1994 ఫిబ్రవరి 25, పూరీము రోజున, హెబ్రోనులో బారూఖ్ గోల్డ్‌స్టైన్ అనే వైద్యుడు నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. 2023 అక్టోబరు 7న హమాస్ సాగించిన మారణకాండ తరవాత, అదే నెల 28న నెతన్యాహు టీవీ ప్రసంగంలో అమాలేకును గుర్తుచేశారు. ఇజ్రాయెల్ మీద అంతర్జాతీయ న్యాయస్థానంలో వేసిన కేసులో దక్షిణాఫ్రికా ఆ మాటనే ఎత్తిచూపింది. తాము ఉద్దేశించింది హమాస్‌నే తప్ప పాలస్తీనా ప్రజలను కాదని ప్రధాని కార్యాలయం జవాబిచ్చింది.

అక్టోబరు 7న ఇజ్రాయెల్‌కు తగిలిన గాయం సామాన్యమైనది కాదు. అయినా నా అభిప్రాయం దాచుకోను. చేతిలో సైన్యం ఉన్నవాడు, యుద్ధం నడుస్తుండగా, ఆ పేరు ఎత్తకూడదు. ఎందుకంటే అదే భాగంలో, అమాలేకుకు ఒక అధ్యాయం ముందే, కొడుకుల తప్పుకు తండ్రులనూ తండ్రుల తప్పుకు కొడుకులనూ చంపరాదు, ఎవరి పాపానికి వారే అన్న ఆజ్ఞ ఉంది. దాడులు చేసినవారి కుటుంబాల ఇళ్లు కూల్చడాన్ని వ్యతిరేకించినప్పుడు ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి మిషాయెల్ హెషిన్ ఈ సూత్రాన్నే పట్టుకున్నారు. 'కీ తేట్సే'కు ముందు వారం పాఠం ముట్టడిలో ఉన్న ఊరి పండ్ల చెట్లను సైతం నరకవద్దంటుంది. వరుసగా చదివేవాడికి ఈ మాటలన్నీ విన్నాకే అమాలేకు వస్తాడు. ఆ ఒక్క వాక్యాన్నే ఊడబెరికి జనంలోకి వదిలేవాడు పాఠం చదవలేదనే అర్థం.

ఈ గ్రంథాలు మనకు పరాయివి కావు. లక్షలాది తెలుగు క్రైస్తవుల ఇళ్లలో ఉన్నాయి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను యూదులుగా చెప్పుకునే బెనె ఎఫ్రాయిమ్ దళిత కుటుంబాలు శనివారాన్ని పాటిస్తున్నాయి. ఏ గ్రంథాన్ని చేతపట్టినా, ఏ వేదిక మీద నిలబడినా, ప్రవచనం చెప్పేవారికి నా విన్నపం ఒక్కటే. అన్వయించే ముందు భాగం మొత్తం చదవండి. మొదటి వర్తింపు మీకూ మీ సభకూ చేసుకోండి. మీరు చెప్పింది తప్పనిపిస్తే లేచి చెప్పే హక్కు వినేవాళ్లకు ఇవ్వండి. మీ ప్రవచనం విని ఇంటికెళ్లిన మనిషి పొరుగువాడి మీద పళ్లు కొరికితే ఆ పాఠం చెడినట్టే. బాకీపడ్డ కూలి చెల్లించి, మేడ మీద పిట్టగోడ సరిచేయించుకుంటే ఆ వారం పాఠం చదివినట్టు.